చెత్తకుప్పల పండితుడు: జేమ్స్ హోప్ మౌల్టన్ మక్కువలు, మన గ్రీకు ప్రసంగాలు

వేదాంత కళాశాలలో గ్రీకు చదివిన మనలో చాలామందికి మౌల్టన్ అనే పేరు పుస్తకపు అట్ట మీద మాత్రమే పరిచయం. గ్రంథాలయంలో నాలుగు సంపుటాల వ్యాకరణం, దాని ప్రక్కనే అందరూ ‘మౌల్టన్–మిల్లిగన్’ అని పిలిచే లావుపాటి పదకోశం ఉంటాయి. పరీక్షల ముందు ఆ అర దగ్గరకు వెళ్ళి, రెండు పేజీలు తిప్పి, ధైర్యం చాలక తిరిగి వచ్చినవారిలో నేనూ ఒకడిని. ఆ పుస్తకాల వెనుక ఒక మనిషి ఉన్నాడనీ, ఆయన బోధకుడనీ, జీవితపు చివరి నెలలు మన దేశంలోనే గడిపాడనీ నాకు తెలిసేసరికి పరిచర్యలో ఇరవై ఏండ్లు గడిచిపోయాయి.

ఈ వ్యాసం ఆయన జీవిత చరిత్ర కాదు. ప్రాచీన గ్రీకు సాహిత్యంలో శిక్షణ పొందిన ఒక పండితుడు పన్ను రశీదులను, పొలం తగాదా అర్జీలను, అలిగిన పిల్లవాడి ఉత్తరాన్ని ఎందుకంత ఇష్టంగా చదివాడు? ఆ ఇష్టం వలన మన నూతన నిబంధన పఠనానికి ఒరిగినదేమిటి? ఆ మేలును ప్రసంగ వేదిక మీద మనం ఎట్లా పాడుచేస్తున్నాం? ఈ మూడు ప్రశ్నలే ఇక్కడి విషయం. మూడవదానికి నా అనుభవమే ఉదాహరణగా ఉన్నది కనుక దానిని దాచకుండా చెబుతాను.

వ్యాకరణం పుట్టిన ఇల్లు

మౌల్టన్ 1863 అక్టోబరు 11న ఇంగ్లండులో, లండను సమీపంలోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి విలియం ఫిడియన్ మౌల్టన్ అక్కడి వెస్లియన్ వేదాంత కళాశాలలో అధ్యాపకుడు. వీనర్ అనే జర్మన్ పండితుని నూతన నిబంధన వ్యాకరణాన్ని 1870లో ఆంగ్లంలోకి తెచ్చినవాడు, ఆంగ్ల బైబిలు సవరణ సంఘంలో సభ్యుడు, తరువాత కేంబ్రిడ్జిలోని లీస్ పాఠశాలకు మొదటి ప్రధానోపాధ్యాయుడు. పినతండ్రులలో ఒకరు టోంగా దీవులలో మిషనరీగా ఉండి అక్కడి భాషలోకి బైబిలును అనువదించాడు. ఆ ఇంట్లో భోజనపు బల్ల దగ్గర క్రియారూపాల మీద చర్చ జరిగేదంటే ఆశ్చర్యం ఉండనక్కరలేదు.

కేంబ్రిడ్జిలో గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదివి, 1886 నుండి 1902 వరకు తండ్రి నడిపిన ఆ పాఠశాలలోనే మగపిల్లలకు పాఠాలు చెప్పాడు. పదహారేండ్లు! పిల్లలకు గ్రీకు ఎట్లా ఎక్కుతుందో, ఎక్కడ ఎక్కదో ఆయనకు తెలిసినంతగా పెద్ద ఆచార్యులకు తెలిసి ఉండదు. 1902లో మాంచెస్టరుకు వెళ్ళి డిడ్స్‌బరీ కళాశాలలో బోధకులు కాబోయేవారికి నూతన నిబంధన నేర్పాడు. 1908లో ఆ నగర విశ్వవిద్యాలయంలో హెలెనిస్టిక్ గ్రీకుకు ఆచార్యుడయ్యాడు.

తండ్రి 1898లో కన్నుమూశాడు. ఆయన తెచ్చిన వ్యాకరణాన్ని సవరించి మళ్ళీ అచ్చు వేయించాలన్నది కుమారుని మొదటి ఉద్దేశం. నాలుగు చోట్ల దిద్దితే సరిపోతుందనుకొని ఉంటాడు. అయితే అప్పటికే ఈజిప్టు ఇసుకలోనుండి వస్తున్న కాగితాలు ఆ పనిని వేరే దారి పట్టించాయి.

చెత్తకుప్పలో దొరికిన భాష

కైరోకు దక్షిణంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో బెహ్నెసా అనే గ్రామం ఉంది. ప్రాచీన కాలంలో అది ఆక్సిరింకస్ అనే పట్టణం. ఆ ఊరివాళ్ళు వందల ఏండ్లపాటు పనికిరాని కాగితాలను ఊరి బయట గుట్టలుగా పోశారు. అక్కడ వాన దాదాపుగా పడదు, నైలు వరదనీరు ఆ గుట్టల మీదికి ఎక్కదు. అందుచేత పపైరస్ కాగితాలు కుళ్ళిపోకుండా మిగిలాయి. ఆక్స్‌ఫర్డు నుండి వచ్చిన గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు యువకులు 1896–97 చలికాలంలో ఆ గుట్టలను త్రవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళు బుట్టలకెత్తిన ముక్కలను పండితులు ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు. ప్రచురణ ఎనభై సంపుటాలు దాటింది.

సాహిత్య పండితులు అందులో వెదికినది పోయిన నాటకాలను, కవుల గీతాలను. అది సహజమే. మౌల్టన్ దృష్టి మాత్రం ఎక్కువగా మిగతా ముక్కల మీద పడింది. రశీదులు, అద్దె ఒప్పందాలు, పెండ్లి పత్రాలు, విందు పిలుపులు, ఇంటి ఉత్తరాలు: ఒక్కొక్క సంపుటం వెలువడగానే దానిని ఆసాంతం చదివి, అందులోని రూపాలను, మాటలను ఏరి వ్రాసుకొనేవాడు. 1901 నుండి ‘క్లాసికల్ రివ్యూ’ పత్రికలోను, ‘ఎక్స్‌పాజిటర్’ పత్రికలోను ఆ గమనికలు అచ్చయ్యాయి. మొదటి పత్రిక గ్రీకు సాహిత్యజ్ఞులది, రెండవది బోధకులు చదివేది. ఒకే మనిషి ఒకే చెత్తకుప్ప గురించి ఆ రెండు సమూహాలకూ చెప్పగలగడం విశేషం.

దీనికి దారి చూపినవాడు జర్మనీకి చెందిన అడాల్ఫ్ డైస్మాన్. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బెర్లిన్ పపైరస్ పత్రాల క్రొత్త ప్రచురణను తిరగేస్తుండగా, ఈ భాష తనకు బాగా తెలిసిన భాషేనని ఆయనకు తట్టింది. ఆ భాష నూతన నిబంధనది. 1895లో ఆయన పుస్తకం వెలువడింది. అప్పటివరకు నూతన నిబంధన గ్రీకు గురించి రెండు అభిప్రాయాలుండేవి. ఏథెన్సు మహారచయితల భాషతో పోల్చి ఇది చెడిపోయిన గ్రీకు అన్నవారు కొందరు. రిచర్డ్ రోతే వంటి వేదాంతులు దీనిని పరిశుద్ధాత్మ ప్రత్యేకంగా సిద్ధం చేసుకొన్న భాషగా భావించారు. నిఘంటువులలో వందలాది మాటల ప్రక్కన ‘బైబిలులో మాత్రమే’ అని గుర్తు ఉండేది. పపైరస్ పత్రాలు వచ్చాక డైస్మాన్ లెక్కలో ఆ సంఖ్య సుమారు 50కి దిగిపోయింది.

మౌల్టన్ కూడా 1895లోనే విద్యార్థుల కోసం ఒక చిన్న వ్యాకరణం వ్రాశాడు. నూతన నిబంధన భాషకు ఇచ్చిన నిర్వచనంలో మొట్టమొదట హెబ్రీ ప్రభావాన్ని చెప్పాడు. 1906లో వెలువడిన పెద్ద వ్యాకరణపు మొదటి సంపుటం ‘ప్రోలెగొమెనా’ను మాత్రం, ఆ నిర్వచనం ఇక నిలువదని ఒప్పుకొంటూ ప్రారంభించాడు. పెద్ద గ్రంథాన్ని తన తప్పుతో మొదలుపెట్టిన పండితులు ఎంతమంది ఉంటారు? ఇది చదివినప్పటి నుండి ఆ సంపుటం మీద నాకున్న భయం సగం తగ్గింది.

ఇంతకూ ఆ కాగితాలలో ఏముంది? మౌల్టన్‌కు ఇష్టమైన వాటిలో ఒకటి థియోన్ అనే పిల్లవాడి ఉత్తరం. రెండవ లేక మూడవ శతాబ్దానిది. తండ్రి అలెగ్జాండ్రియాకు వెళుతూ కొడుకును తీసుకొని వెళ్ళలేదు. ఆ కోపంతో పిల్లవాడు తప్పుల తడకగా ఉత్తరం వ్రాశాడు: నన్ను నీతో తీసుకొని వెళ్ళకపోతే నీకు ఉత్తరం వ్రాయను, నీతో మాట్లాడను, చేయి పట్టుకోను, తంత్రీవాద్యం పంపకపోతే అన్నం తినను, నీళ్ళు త్రాగను. మధ్యలో తల్లి మాట ఒకటి దొర్లింది. వీడు నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు, వీడిని ఇక్కడనుండి తీసుకొని పో, అని ఆమె ఎవరితోనో విసుక్కుంది. ఆ విసుగులో ఆమె వాడిన క్రియ ‘అనస్తతోవో’. అపొస్తలుల కార్యములు 17:6లో థెస్సలొనీకయ మూక పౌలు, సీలల మీద మోపిన నేరానికి వాడిన క్రియ కూడా అదే. గలతీయులకు 5:12లో సంఘాన్ని కలవరపెట్టేవారికి పౌలు వాడినదీ అదే. పాత నిఘంటువులు దానిని లోకగ్రంథాలలో కనబడని మాటగా లెక్కించాయి. తీరా చూస్తే అది అల్లరి పిల్లవాడి తల్లి నోట ఉన్న మాట. ‘తీసుకొని పో’ అని ఆమె అన్న మాట సైతం యోహాను 19:15లో పిలాతు ఎదుట జనసమూహం రెండుసార్లు అరిచిన క్రియే.

అపియోన్ అనే యువకుని ఉత్తరం మరొకటి. ఫయ్యూము ప్రాంతపు పల్లెనుండి రోమా నౌకాదళంలో చేరడానికి ఇటలీకి వెళ్ళాడు. తండ్రి ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్నానని మొదలుపెట్టి, సముద్రంలో అపాయం వచ్చినప్పుడు తన దేవుడైన సెరాపిస్ కాపాడాడని కృతజ్ఞత చెప్పి, మూడు బంగారు నాణేలు ప్రయాణపు ఖర్చు ముట్టిందని, తన చిత్రపటం పంపుతున్నానని, తనను బాగా పెంచినందుకు తండ్రి చేతిని ముద్దు పెట్టుకోవాలని ఉందని వ్రాశాడు. ఇది చదివి 3 యోహాను మొదటి వచనాలు చదివితే, అపొస్తలులు ఉత్తరాలనే వ్రాశారని మనకు క్రొత్తగా అర్థమౌతుంది. రోమా పత్రికను మనం ఎంతసేపటికీ సిద్ధాంత గ్రంథంగానే తెరుస్తాం కదా.

ఇక రశీదులు. ‘అపెఖో’ అంటే నాకు పూర్తిగా ముట్టింది అని. డబ్బు పుచ్చుకొన్నవాడు పెంకు మీదనో కాగితం మీదనో ఆ మాట వ్రాసి ఇచ్చేవాడు. మత్తయి 6లో మనుష్యులకు కనబడాలని ధర్మం చేసేవారి గురించి, ప్రార్థించేవారి గురించి, ఉపవసించేవారి గురించి ప్రభువు మూడుసార్లు వాడిన మాట ఇదే. వాళ్ళ లెక్క తీరిపోయింది, రశీదు చేతికి వచ్చేసింది, ఇక దేవుని దగ్గర రావలసిన బాకీ ఏమీ లేదు. ఫిలిప్పీయులు పంపిన సహాయం అందినప్పుడు పౌలు 4:18లో ఇదే మాట వ్రాశాడు. ప్రేమతో పంపిన కానుకకు చిరునవ్వుతో వ్రాసిన రశీదు అది. మన తెలుగు అనువాదంలో ఆ రుచి కనబడదు.

మన అనువాదకులు కొన్నిచోట్ల బజారు మాటను బజారు మాటతోనే పట్టుకొన్నారని కూడా చెప్పాలి. 1 కొరింథీయులకు 16:1లోని ‘లోగెయా’ అనే మాట ఒకప్పుడు పౌలు సృష్టించినదేమో అనుకొన్నారు. పపైరస్ పత్రాలలోను, పెంకుల మీదను అది వసూళ్ళకు వాడిన మామూలు మాటగా బయటపడింది. మన బైబిలులో అక్కడ ఉన్నది ‘చందా’! ఎఫెసీయులకు 1:14లోని ‘అర్రబోన్’ బేరం ఖాయం చేసుకొనేటప్పుడు ముందుగా ఇచ్చే సొమ్ము. ఆవును కొనేటప్పుడు ఇచ్చిన అర్రబోన్ పపైరస్ పత్రాలలో ఉంది. మన అనువాదం ‘సంచకరువు’ అన్నది. అది కూడా ఒకనాటి తెలుగు వ్యాపారపు మాటే. ఇప్పుడు పశువుల సంతలో ఎవరినైనా అడిగితే బయానా అంటారు, అడ్వాన్సు అంటారు. సంచకరువు అంటే తెలియదు. ఆ మాట ఇప్పుడు గుడిలో మాత్రమే బ్రతికి ఉన్నది కనుక మన విశ్వాసులు దానిని ఏదో ఆత్మీయ రహస్యంగా వింటున్నారు. ఎఫెసు సంఘంలోని పశువుల వ్యాపారి దానిని అట్లా విని ఉండడు.

ఇక్కడ ఒక చిన్న ప్రక్కదారి. మౌల్టన్ పుట్టిన 1863వ సంవత్సరంలోనే, ఆగస్టు 29న, శ్రీకాకుళం ప్రాంతంలో గిడుగు వెంకట రామమూర్తి పుట్టాడు. ఈ ఇద్దరి మధ్య పరిచయం ఉన్నదని నేను చెప్పడం లేదు. అయితే ఒకరు మాంచెస్టరులో నూతన నిబంధన జనం మాట్లాడే భాషలో ఉన్నదని నిరూపిస్తున్న కాలంలోనే, మరొకరు తెలుగు గ్రంథాలు జనం మాట్లాడే భాషలో ఉండాలని పోరాడుతున్నాడు. మన పులిపీటాల మీద గ్రాంథికం ఎంత మోతాదులో ఉండాలన్న వాదన నడిచినప్పుడల్లా నాకు ఈ ఇద్దరూ కలిసి గుర్తుకొస్తారు.

దస్తావేజు లేఖరి అడిగిన ప్రశ్న

ఇప్పుడు నా తప్పు. హెబ్రీయులకు 11:1లో మన అనువాదం ‘నిజస్వరూపము’ అన్నచోట గ్రీకులో ‘హుపొస్తాసిస్’ అని ఉంది. మౌల్టన్–మిల్లిగన్ పదకోశం పపైరస్ పత్రాల ఆధారంగా అక్కడ ‘హక్కు దస్తావేజు’ అనే అర్థాన్ని సూచిస్తుంది. ఈ సూచన ప్రసంగీకులకు చాలా నచ్చింది. దానికి ఒక కథ కూడా తోడైంది. డయోనీసియా అనే స్త్రీ తన ఆస్తి కాగితాలను రాతిపెట్టెలో పెట్టి సేవకుని చేత పంపిందట. అతడు బస చేసిన సత్రం కాలిపోయి అతడు చనిపోయాడట. ఎన్నో శతాబ్దాల తరువాత త్రవ్వకాలలో ఆ పెట్టె చెక్కుచెదరకుండా దొరికిందట, లోపలి కాగితాల మీద ‘హుపొస్తాసిస్’ అని ఉందట. నేను ఈ కథను ఒక సభలో విని, పదేండ్ల క్రితం మా సంఘంలో ఆదివారం ఆరాధనలో ఉత్సాహంగా చెప్పాను. కొందరు కన్నీళ్ళు పెట్టుకొన్నారు.

ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద ఒకాయన ఆగాడు. సబ్ రిజిస్ట్రారు కచేరీ ముందు నలభై ఏండ్లు దస్తావేజులు వ్రాసిన మనిషి.

“అయ్యగారూ, బాగా చెప్పారండి. చిన్న సందేహం. దస్తావేజు ఒక్కటి చేతిలో ఉంటే పొలం మనదైపోద్దాండి? లింకు కాగితాలు చూడాలి, ఈసీ తియ్యాలి, ఎవరి హక్కులు ఏమున్నాయో చూడాలి. ఆ రోజుల్లో ఇయ్యన్నీ లేవాండి?”

“పెద్దాయనా, కనుక్కొని చెబుతాను” అన్నాను. జవాబు లేక అన్న మాట అది.

కనుక్కోవడానికి చాలాకాలం పట్టింది. డయోనీసియా నిజంగా ఉన్న స్త్రీయే. ఆక్సిరింకస్ పత్రాలలో 237వ సంఖ్య ఆమె అర్జీ. క్రీ.శ. 186లో ఈజిప్టు అధిపతికి పెట్టుకొన్నది. రాతిపెట్టె లేదు, సత్రం లేదు, అగ్నిప్రమాదం లేదు. ఉన్నది తండ్రితో తగాదా. ఆమె తండ్రి ఖైరెమోన్ ఆస్తి వివాదం ముదిరి, కుమార్తెను భర్త హోరియోన్ దగ్గరనుండి బలవంతంగా తీసుకొని పోజూశాడు. పెండ్లయిన కుమార్తె మీద తండ్రికి అంత అధికారం లేదని ఆమె పాత తీర్పులను, ఉత్తరువులను పేజీల కొద్దీ ఉదహరిస్తూ పోరాడింది. కల్పిత కథకన్నా ఇది ఎంతో బలమైన కథ. దీనిని వదిలిపెట్టి రాతిపెట్టెను ఎవరు తెచ్చారో గాని, నమ్మి చెప్పిన తప్పు నాది.

ఆమె ఉదహరించిన ఉత్తరువులలో ఒకటి మెత్తియుస్ రూఫుస్ అనే అధిపతి క్రీ.శ. 89లో జారీ చేసినది. ఆస్తులు గలవారందరూ వాటిని ప్రభుత్వ దస్త్రశాలలో నమోదు చేయించాలి. స్థానిక ధర్మాన్ని బట్టి భర్త ఆస్తి మీద భార్యకు హక్కు ఉంటే, ఆమె దానిని భర్త ‘హుపొస్తాసిస్’లో చేర్పించాలి. తెలియక లావాదేవీలు చేసినవారు మోసపోకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. అంటే ఇక్కడ ఆ మాటకు అర్థం ఒక్క కాగితం కాదు. ఒక మనిషి ఆస్తికి, దాని మీద ఇతరులకున్న హక్కులకు సంబంధించి దస్త్రశాలలో నిలిచివున్న మొత్తం ఆధారం. మా సంఘపెద్ద అడిగిన ఈసీ, లింకు కాగితాలు అన్నీ అందులో ఉన్నాయి. గ్రీకు అక్షరం ఒక్కటి రాని ఆయన ఆ పత్రం సారాన్ని నాకన్నా ముందే పట్టుకొన్నాడు.

అయినా హెబ్రీ పత్రికలో ఆ మాట అర్థం ఇదేనని తేల్చవచ్చునా? అదే పత్రికలో ఆ మాట 1:3లోను, 3:14లోను కూడా ఉంది. 1:3లో అది కుమారుడు ఎవరి స్వరూపమై ఉన్నాడో ఆ దేవుని తత్త్వాన్ని చెబుతుంది. అక్కడ దస్తావేజు అంటే అర్థమే ఉండదు. 3:14లో మొదటనుండి పట్టుకొన్న స్థిరమైన నమ్మకమని చాలామంది చదువుతారు. ఒకే రచయిత ఒకే మాటను ఎట్లా వాడాడో చూడకుండా, వంద సంవత్సరాల తరువాతి అర్జీలోని అర్థాన్ని తెచ్చి అతికించడం న్యాయం కాదు. తరువాతి పండితులలో పలువురు ‘హక్కు దస్తావేజు’ అర్థాన్ని అంగీకరించలేదు. నా అభిప్రాయంలో దానిని దృష్టాంతంగా చెప్పవచ్చును, అనువాదంగా చెప్పరాదు. ఈ సంగతంతా మా సంఘపెద్దకు చెప్పినప్పుడు, ఆ వెంటనే వచ్చిన ఆదివారం వేదిక మీద నుండే దిద్దుకొన్నాను. రాతిపెట్టె కథే బాగుందన్నవారు కూడా ఉన్నారు.

ఈ పత్రం గురించి ఇంకొక వివరం ఉంది. డయోనీసియా అర్జీ పని తీరిపోయాక ఎవరో దాని వెనుకవైపు హోమరు ఇలియడ్ అయిదవ కాండాన్ని వ్రాసుకొన్నారు. ఆక్సిరింకస్ సంపుటాలలో ఆ వైపుకు వేరే సంఖ్య, 223. గ్రీకు సాహిత్య పండితులకు కావలసినది ఒకవైపు, మౌల్టన్ వంటివారికి పండుగ రెండవ వైపు. కాగితం ఒక్కటే.

హద్దు ఎక్కడ?

మౌల్టన్ ఉత్సాహంలో అతిశయం లేకపోలేదు. హెబ్రీ ప్రభావమని పాతవారు చెప్పిన ప్రతిదానికీ పపైరస్ పత్రాలలో సాటి చూపగలమన్న ధోరణి ప్రోలెగొమెనాలో కొంత కనబడుతుంది. పాత నిబంధన గ్రీకు అనువాదంలో హెబ్రీ పలుకుబడి ఉన్నదని, సువార్తల వెనుక అరామిక్ మూలాలు ఉన్నచోట ఆ వాసన తగులుతుందని ఆయనా ఒప్పుకొన్నాడు. ఆయన మరణం తరువాత హోవర్డ్ రెండవ సంపుటాన్ని పూర్తిచేస్తూ సెమిటిక్ పలుకుబడుల మీద ప్రత్యేకంగా ఒక అనుబంధమే చేర్చవలసి వచ్చింది. పైన చెప్పిన అర్రబోన్ కూడా మూలంలో సెమిటిక్ మాటే. ఆదికాండము 38లో యూదా తామారుకు ఇచ్చిన కుదువకు హెబ్రీలో వాడిన మాట అది.

ఇది అర్థం కావడానికి మన ప్రార్థన కూటం చాలు. మన విశ్వాసులు మాట్లాడేది వాడుక తెలుగే. అయినా ‘సాక్ష్యం’, ‘సహవాసం’, ‘భారం’, ‘నడిపింపు’ అనే మాటలు మన మధ్య నడిచే తీరు బయటివారికి వింతగా ఉంటుంది. ‘ప్రభువు నాకు ఈ భారం ఇచ్చాడు’ అంటే ప్రక్కింటి హిందూ సోదరునికి ఏమి అర్థమౌతుంది? బైబిలు చదివి చదివి మన వాడుక భాషకు ఒక రంగు పట్టింది. లూకా మొదటి రెండు అధ్యాయాలకు పట్టిన రంగు కూడా అటువంటిదే. వాడుక భాషా, లేఖనపు భాషా అని ఒకదానిని ఎన్నుకొనే పని లేదు. విశ్వాసుల నోట ఆ రెండూ కలిసే వస్తాయి.

పదకోశం తెరిచి ఒక మాటకు ఉన్న అర్థాలన్నిటిలో మనకు నచ్చినది ఏరుకొని, ‘మూలభాషలో దీని అసలు అర్థం’ అని ప్రకటించే అలవాటుకు మౌల్టన్‌ను బాధ్యుణ్ణి చేయలేము. ఆయన ఒక్క మాట కోసం పత్రం మొత్తం చదివాడు. మనం పత్రం చదవకుండా మాటను మాత్రమే తెచ్చుకొంటున్నాం. చిన్న సంఘాలలో పుస్తకాలు, సమయం రెండూ తక్కువన్న మాట నిజమే. అటువంటప్పుడు గ్రీకు ప్రస్తావన లేకుండా ప్రసంగించడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే: ఒక పదాన్ని వేదిక మీదికి తెచ్చే ముందు, అదే రచయిత దానిని వాడిన మిగతా వచనాలన్నీ సమపదకోశంలో చూడండి. దానికి అరగంట చాలు.

బొంబాయి, తరువాత సముద్రం

1914 ఆగస్టులో, ఐరోపాలో యుద్ధం మొదలైన రోజులలోనే, మౌల్టన్ అమెరికాలోని నార్త్‌ఫీల్డ్‌లో సామాన్య విశ్వాసులకు ఈ పపైరస్ సంగతులు చెబుతున్నాడు. ఆ ఉపన్యాసాలు 1916లో ‘ఈజిప్టు చెత్తకుప్పల నుండి’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకంగా వచ్చాయి. పండితులు కానివారు ఆయనను చదవడం మొదలుపెట్టడానికి అదే సరైన పుస్తకం.

ఆయనకు గ్రీకుతో సమానమైన మక్కువ ఇంకొకటి ఉండేది. అది అవెస్తా భాష, జరతుష్ట్ర మతం. హెరొదోతు వ్రాసిన మాగీల సంగతులు, మత్తయి 2లోని జ్ఞానులు, పారసీకుల గాథలు ఆయనకు ఒకే చర్చలోని భాగాలు. 1913లో ఆ మతంపై ఆయన పెద్ద గ్రంథం వెలువడింది. వై.ఎం.సి.ఏ. ఆహ్వానం మీద 1915 చివర భారతదేశానికి వచ్చి, బొంబాయిలో పార్సీలకు వారి ప్రవక్త బోధ గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఒక క్రైస్తవ బోధకుడు అన్యమతస్థుల ఎదుట నిలబడి వారి గ్రంథాన్ని వారి ప్రాచీన భాషలో వివరించి, ఆపైన క్రీస్తును గురించి మాట్లాడడం నేటికీ అరుదే. ఆయన వాదనలన్నిటినీ పార్సీ పండితులు ఒప్పుకోలేదు. బయలుదేరిన ఏడే భార్య మరణించింది. 1916లో పెద్ద కుమారుడు యుద్ధంలో పోయాడు. ఆ దుఃఖం మధ్యనే ఇక్కడ పని చేస్తూ పార్సీల మతం గురించి మరొక గ్రంథం వ్రాశాడు. అది 1917లో వెలువడింది.

ఆయన మిత్రుడు, ప్రాచీన వ్రాతప్రతుల పండితుడు రెండల్ హారిస్ ఆయనను కలుసుకోవడానికి 1916లో భారతదేశానికి బయలుదేరాడు. దారిలో ఓడను జలాంతర్గామి ముంచివేయడంతో ఈజిప్టులో ఆగిపోయి, అక్కడ పపైరస్ పత్రాలు సేకరించాడు. 1917లో తిరుగు ప్రయాణంలో ఉన్న మౌల్టన్‌ను పోర్ట్ సయీద్‌లో కలుసుకొని, ఇద్దరూ ‘సిటీ ఆఫ్ పారిస్’ అనే ఓడ ఎక్కారు. ఏప్రిల్ 4న మధ్యధరా సముద్రంలో ఆ ఓడనూ టార్పెడోతో ముంచారు. ఇద్దరికీ ఒకే రక్షణ పడవలో చోటు దొరికింది. మూడు రోజులకు పైగా అలలు మీదికి కొడుతూనే ఉన్నాయి. హారిస్ తరువాత వ్రాసిన లేఖ ప్రకారం మౌల్టన్ జబ్బుపడేవరకు తెడ్డు వేశాడు, పడవలోకి వచ్చిన నీటిని తోడాడు. పడవలో చనిపోతున్న భారతీయ నావికుల కోసం ప్రార్థన చేశాడు. చివరకు ఏప్రిల్ 7న ఆయనే ఆ పడవలో కన్నుమూశాడు. అది ఈస్టరుకు ముందటి శనివారం. ఆయనను సముద్రంలోనే సమాధి చేశారు. హారిస్ బ్రతికి ఒడ్డు చేరాడు.

1914లో మొదటి భాగం వెలువడిన పదకోశాన్ని మిల్లిగన్ ఒంటరిగా కొనసాగించి 1929లో పూర్తిచేశాడు. హుపొస్తాసిస్ ఉన్నది ఆ చివరి భాగంలో. అట్ట మీద రెండు పేర్లు ఉన్నా, ఆ పేజీని మౌల్టన్ అచ్చులో చూడలేదు.